కోల్మన్ తాత చూడబోయిన పొట్టేలు

కిల్‌కారాలో కోల్మన్ గిల్వారీ తాగుతాడని అందరికీ తెలుసు. అందులో మా తాతకు సిగ్గేమీ లేదు. చర్చి ఫాదర్‌కు తెలుసు, ఉత్తరాలు తెచ్చే జెరీకి తెలుసు, తాత గొర్రెల కుక్క నెడ్‌కైతే మరీ బాగా తెలుసు. హెనెగన్ పబ్బు నుంచి ఇంటికి దారి తాత మరిచిపోయినా నెడ్ ఏనాడూ మరిచిపోలేదు. గొర్రెను తోలినట్టు అటూ ఇటూ పోనివ్వకుండా మడమల దగ్గర మూతి పెట్టి తోలుకొచ్చేది. తాగి కాలవ గట్టున పడుకున్నా తాత పరువు చెక్కుచెదరలేదు. మానడానికి ప్రయత్నిస్తున్నాడని ఎవరికైనా తెలిస్తే మాత్రం పరువు పోతుందని ఆయన భయం. ఆ భయం ఎక్కడిదంటే చెప్పలేడు. ఆయన తండ్రికీ ఉండేదట, తండ్రి తండ్రికీ ఉండేదట. అందుకే వాళ్లలో ఎవరూ మానలేదు.

మానాల్సిన అవసరం సమాధుల తోటలో పుట్టింది.

కిల్‌కారాలో మనిషి పోతే గొయ్యి ఇరుగుపొరుగే తవ్వాలి. కూలికి తవ్వించారంటే, పోయినవాడికి నా అన్నవాళ్లు లేరని ఊరంతా చాటినట్టే. తవ్వడంలో తాతను మించినవాడు లేడు. ఎక్కడ రాయి తగులుతుందో, ఎక్కడ నీరు ఊరుతుందో, ఏ ఇంటివాళ్లు ఎవరి పక్కన పడుకున్నారో ఆయన పాదాలకు తెలుసు. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఫాదర్‌కు కబురు, ఆ వెంటనే తాత తలుపు మీద చప్పుడు. ఆ చప్పుడే ఆయనకున్న బిరుదు.

తవ్వేవాళ్లకు పోయినవారి ఇంటి నుంచి విస్కీ సీసా వస్తుంది. గట్టున కూర్చుని, సీసా చేతులు మార్చుకుంటూ, పోయినవారి పేరు చెప్పి ఒక్కొక్కరు ఒక్కో గుక్క తాగాలి. వద్దనకూడదు. వద్దంటే పోయినవాణ్నే వద్దన్నట్టు.

ముసలి బార్ట్‌లీ హెషన్ చనిపోయిన శరదృతువులో తాత సీసా వచ్చేదాకా ఆగలేదు. తన సీసా తనే తీసుకెళ్లాడు. గొయ్యి మాత్రం అద్భుతంగా తవ్వాడు. గోడలు నిలువుగా, మూలలు గుమ్మం చెక్కినట్టుగా, రాజుగారిని పడుకోబెట్టినా తప్పులేనట్టుగా. కాకపోతే మాక్‌నికలస్‌ల కుటుంబ స్థలంలో తవ్వాడు. మర్నాడు వానలో శవపేటిక వచ్చింది, వెనకాల ఊరంతా వచ్చింది. బార్ట్‌లీ భార్య గొయ్యి చూసింది, పక్క రాళ్ల మీద పేర్లు చూసింది.

"బతికినన్నాళ్లూ ఆయన వీళ్లతో మాట్లాడలేదు. ఇప్పుడు వీళ్ల మధ్య ఎలా పడుకుంటాడు?" అంది.

సరైన చోట మళ్లీ తవ్వేదాకా జనమంతా గొడుగుల కింద నిలబడ్డారు. ఫాదర్ ఒక జపమాల ముగించి ఇంకొకటి మొదలుపెట్టాడు. తాతను ఎవరూ ఒక్క మాట అనలేదు. కిల్‌కారాలో తప్పు ఎంత పెద్దదైతే మాటలు అంత తక్కువ.

ఆ శీతాకాలం చావులు వచ్చాయి కానీ తలుపు చప్పుడు కాలేదు. చర్చి గంట మోగినప్పుడల్లా తాత బూట్లు తొడుక్కుని పొయ్యి పక్కన కూర్చునేవాడు. నెడ్ తలుపు వైపు మూతి పెట్టి పడుకునేది. కాసేపటికి తాత బూట్లు విప్పేవాడు.

ఒకసారి అలా విప్పుతుంటే, బంగాళదుంపల తొక్క తీస్తున్న నానమ్మ అట్రాక్టా తల ఎత్తకుండానే అంది.

"వాళ్లు పిలవకపోతే పోయె. నా బెంగ అది కాదు. రేపు నువ్వు పోతే ఎవరొస్తారు తవ్వడానికి? నా వల్లైతే కాదు, నాకు నడుం నొప్పి."

తాత నవ్వాడు. తర్వాత ఆ వారమంతా నవ్వలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లేదాకా చర్చి వాకిట్లో వాన కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆ రోజు వాన లేదు. తలుపు వెనక గోడ మీద, తంబోలా ఆట ప్రకటనకూ తప్పిపోయిన వేటకుక్క ఫొటోకూ మధ్య, చిన్న కాగితం ఒకటి ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లంతా కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగు, మంగళవారం సాయంత్రాలు, కిల్‌కారా హాల్లో. కింద ఇంకో వరుస: బాలినారలోనూ అదే రోజు, అదే వేళకు, సంత వెనక హాల్లో.

కిల్‌కారా హాలు సరిగ్గా హెనెగన్ పబ్బుకు ఎదురుగా ఉంటుంది. తాత కారుకు మూడు తలుపులు నీలం, ఒకటి ఎరుపు. అది హాలు ముందు ఆగిందంటే, ఆయన లోపలికి వెళ్లేలోపే వార్త బయటికి వెళ్తుంది. ఇక మిగిలింది బాలినార. కొండ దాటాలి. దాటినా సరే.

"బాలినారలో ఒకాయన దగ్గర మంచి పొట్టేలుందట. చూసొస్తా," అన్నాడు మంగళవారం.

"చీకటి పడ్డాకా?" అంది నానమ్మ.

"చీకట్లోనే పొట్టేలు అసలు గుణం తెలుస్తుంది."

"అలాగా. పెళ్లికి ముందు నాకెవరైనా ఈ మాట చెప్పుంటే ఎంత బాగుండేది."

బాలినార హాల్లో దీపం వెలుగుతున్న తలుపు చూసి తాత లోపలికి దూరాడు. దూరీ దూరగానే ఒక లావాటి ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మయ్య, మగాడొకడు వచ్చాడు," అంటూ లాక్కెళ్లి వరుసలో నిలబెట్టింది. అది డాన్సు నేర్పే తరగతి. ఎనిమిది మంది కలిసి ఆడే ఆటకు ఏడుగురే ఉన్నారు, అందులో ఆరుగురు ఆడవాళ్లు. తప్పు గదిలోకి వచ్చానని చెబితే సరైన గది ఏదని అడుగుతారు. అందుకని తాత చెప్పలేదు. గంటసేపు ఎగిరాడు, చేతులు మార్చాడు, గుండ్రంగా తిరిగాడు, ఇచ్చిన టీ తాగాడు, వచ్చేవారం తప్పకుండా వస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంది.

"పొట్టేలు పొడిచిందా?" అంది నానమ్మ.

మరుసటి వారం లావాటి ఆవిడ పట్టుకోకముందే, టోపీ చేతిలో నలుపుతూ, "ఇక్కడ ఏదో... ఇంకో మీటింగు..." అని నసిగాడు.

ఆవిడ జాలిగా చూసింది. "మెట్లెక్కి ఎడమ చేతి వైపు. అయినా నువ్వు బాగా ఆడతావు బాబూ. అక్కడ అయిపోయాక రా."

తాత మెట్లెక్కి తలుపు తోశాడు. లోపల టీ పాత్ర దగ్గర కప్పులు సర్దుతున్నది ఫెస్టీ రువాన్.

ఫెస్టీది తాత పక్క పొలం. ఫెస్టీ కాలవ నీళ్లు తాత చేలోకి వస్తాయి, తాత లెక్కలో కావాలనే వస్తాయి. అందుకని ఇద్దరికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. చెప్పక తప్పనిది ఏమన్నా ఉంటే ఎవరి కుక్కకు వాళ్లు చెప్పుకునేవాళ్లు. "ఒరే నెడ్, ఆ పక్కవాడి మేక మన క్యాబేజీలో ఉందిరా," అని తాత గట్టిగా అంటే, కంచె అవతల ఫెస్టీ వచ్చి మేకను పట్టుకెళ్లి, తన కుక్కతో "క్యాబేజీ కూడా చేదేనటరా," అనేవాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు తాత. కుక్క లేకుండా అన్న మొదటి మాట అది.

"నువ్వెందుకొచ్చావో అందుకే. పాలు పోయనా?"

తాత వెనక్కి తిరిగేవాడే. కానీ మెట్ల మీద ఇంకెవరో ఎక్కి వస్తున్నారు. చూస్తే ఉత్తరాల జెరీ. లోపల కుర్చీల్లో చూస్తే కిల్‌కారా మందుల షాపు ఆయన, కిల్‌కారా బడిలో వంట చేసే ఆవిడ. తేలు కుట్టిన దొంగల్లా అందరూ ఒకరినొకరు చూసీ చూడనట్టు కూర్చున్నారు.

మీటింగు నడిపే డింఫ్నా అనే పెద్దావిడ నవ్వింది. "కంగారుపడకు నాయనా. బాలినారవాళ్లు సిగ్గుపడి కిల్‌కారా వెళ్తారు. కిల్‌కారావాళ్లు సిగ్గుపడి ఇక్కడికొస్తారు. కొండ మీద ఒకరికొకరు ఎదురుపడి వేలు లేపుకుంటారు కదా, వాళ్లే వీళ్లు."

నిజమే. ఆ దారిలో ఎదురొచ్చే ప్రతి కారుకూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి పలకరించడం అక్కడి మర్యాద. పోయిన మంగళవారం తాత చాలామందికి లేపాడు. ఇంత చలిలో వీళ్లంతా ఎక్కడికి పోతున్నారబ్బా అనుకున్నాడు కూడా.

"మరి నువ్వు ఏ ఊరమ్మా?" అన్నాడు.

"ఈ హాలు ఎదురిల్లే నాది. సిగ్గుపడి కొండెక్కుదామంటే మోకాళ్లు సహకరించవు. కూర్చో."

కూర్చున్నాడు. అక్కడ ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. అడ్డు రారు, సలహా ఇవ్వరు. అక్కడ విన్నది అక్కడే వదిలిపెట్టి టీ కప్పు కడిగి పోతారు. తన వంతు వచ్చినప్పుడు తాత లేచి, "నా పేరు కోల్మన్. ఈసారి గొర్రెలకు మేత సరిపోయేట్టుంది," అని కూర్చున్నాడు. అందరూ తలాడించారు. ఆ తర్వాతి వారాల్లో కూడా ఆయన చెప్పింది గొర్రెల సంగతే. ఎన్ని ఈనాయో, దేనికి కుంటు వచ్చిందో. ఎవరూ విసుక్కోలేదు. జెరీ అయితే ఆ కుంటి గొర్రె ఎలా ఉందని మరుసటి వారం అడిగాడు కూడా.

ఫెస్టీకీ తాతకూ మాత్రం ఒక ఇబ్బంది వచ్చిపడింది. ఏళ్లతరబడి మాటల్లేనివాళ్లు హఠాత్తుగా కంచె దగ్గర కబుర్లాడుకుంటే ఊరు ఊరుకుంటుందా? ఎక్కడ కలిశారు, ఎలా కలిశారు అని ఆరా తీస్తుంది. అందుకని ఊళ్లో తగాదా అలాగే ఉంచుకున్నారు. మంగళవారం ఫెస్టీ, పేకాటకు పోతున్నానని ఇంట్లో చెప్పి, కుంటికాలితోనే నడుచుకుంటూ ఊరు దాటి, అడవి మలుపు దగ్గర చెట్ల చాటున నిలబడేవాడు. తాత కారు అక్కడ ఆగేది. కొండ ఎక్కి దిగేదాకా ఇద్దరూ వాగుతూనే ఉండేవాళ్లు. బుధవారం పొద్దున్నే కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి కుక్కలతో తిట్టించుకునేవాళ్లు. మునుపటికంటే ఇప్పుడు తిట్లు బాగా కుదిరేవి, దారిలో ముందే అనుకునేవాళ్లు కాబట్టి.

మధ్యలో తాత ఒకసారి జారాడు. ఊరంతా తాగే పాట్రిక్ పండుగ నాడు హెనెగన్ పబ్బులోకి ఒక నిమిషం అని వెళ్లి, నెడ్ తోలుకొస్తే ఇంటికొచ్చాడు. ఆ మంగళవారం అడవి మలుపు దగ్గర కారు ఆపి, "నేను రాను. నువ్వు కారు తీసుకుపో," అన్నాడు.

ఫెస్టీ తలుపు తీసి తాపీగా కూర్చున్నాడు. "గొయ్యి తవ్వుతుంటే ఎప్పుడన్నా గట్టు కూలుతుందా?"

"కూలుతుంది. వాన పడితే."

"కూలితే ఏం చేస్తావ్?"

"ఏం చేస్తా, మట్టి మళ్లీ తీస్తా."

"మరింకేం? పోనివ్వు బండి. టీ చల్లారిపోద్ది."

ఆ రోజే తాత లేచి నిలబడి గొర్రెల్ని వదిలేశాడు. బార్ట్‌లీ గొయ్యి కథంతా చెప్పాడు. వాన, గొడుగులు, ఫాదర్ జపమాలలు, మాక్‌నికలస్‌ల రాళ్లు. తలుపు చప్పుడు కోసం బూట్లు వేసుకుని కూర్చోవడం కూడా చెప్పాడు. అప్పుడు ఫెస్టీ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నారు. నవ్వాపుకుంటున్నాడు. "మూలలు... గుమ్మంలా..." అన్నాడు ఎలాగో. జెరీ నవ్వాడు, డింఫ్నా నవ్వింది, చివరికి తాత కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అప్పటిదాకా ఆ సంగతికి ఎవరూ ఆయన ఎదుట నవ్వలేదు. అంతకుముందు ఉన్న బరువు కొంచెం తగ్గింది.

తిరుగుదారిలో తాత అన్నాడు. "మళ్లీ నన్ను తవ్వడానికి పిలవాలనే మానుతున్నా. పిలిస్తే సీసా వస్తుంది. అప్పుడేం చెయ్యను?"

"ముందు పిలవనీ," అన్నాడు ఫెస్టీ. కొంచెం దూరం పోయాక, "నా గొయ్యి మాత్రం నువ్వే తవ్వు. మాక్‌నికలస్‌ల మధ్య పడుకోబెట్టినా నేనేమీ అనుకోను," అన్నాడు.

ఏడాది తిరిగింది. తాత మళ్లీ జారలేదు. తలుపు చప్పుడూ మళ్లీ కాలేదు.

మే నెలలో ఒక ఉదయం ఫెస్టీ ఆవు పాలు పితికి వచ్చి, కుర్చీలో కూర్చుని, బూటు విప్పడానికి వంగి, మరి లేవలేదు. చర్చి గంట విని తాత ఎవరని అడగలేదు. కంచె అవతల కుక్క ఒకటే అరుస్తోంది. ఆయన బూట్లు తొడుక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఊరి లెక్కలో ఆయన ఫెస్టీకి శత్రువు. మిగతావాళ్లకు పిలవనివాళ్లు దీనికి ఎలా పిలుస్తారు?

తలుపు చప్పుడైంది.

ఫెస్టీ భార్య డెల్యా గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది.

"గొయ్యి నువ్వు తవ్వాలి కోల్మన్. ఆయన ఎప్పుడో చెప్పిపెట్టాడు. ఎందుకని నన్నడక్కు."

తాత లేచాడు. "తవ్వుతాను," అన్నాడు.

"రువాన్‌ల స్థలంలో," అంది డెల్యా వెళ్తూ వెళ్తూ.

ఆ సాయంత్రం ఫెస్టీని చూడటానికి ఊరంతా వరుస కట్టింది. కిల్‌కారాలో ఎవరూ ఎరగని ముఖాలు కూడా కొన్ని వచ్చాయి. డెల్యా అక్క గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ హామ్ పెట్టిన బ్రెడ్డు ఇస్తూ, ఫెస్టీ మీకెలా తెలుసమ్మా అని అడుగుతోంది. ఒకాయన, ఫెస్టీ దగ్గర దూడను కొన్నానన్నాడు. ఇంకొకాయన తేనెటీగలన్నాడు. ఫెస్టీకి తేనెటీగలంటే చచ్చే భయం. డింఫ్నా చేతికర్ర ఊతంగా వచ్చింది. "మేమిద్దరం కలిసి డాన్సు చేసేవాళ్లం," అంది. ఆవిడ మోకాళ్లు చూసి, ఫెస్టీ కుంటి కాలు తలుచుకుని డెల్యా అక్క నోరు తెరిచింది. లోపల శవపేటిక పక్కన కూర్చున్న డెల్యా మాత్రం ఒక్కొక్కరి చేతినీ రెండు చేతులతో పట్టుకుని, "వచ్చారు, చాలు," అంది.

మర్నాడు పొద్దున తాత పార భుజాన వేసుకుని సమాధుల తోటకు వెళ్లాడు. తవ్వడానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడు జెరీ. రెండోవాడు మార్టీ హెషన్, బార్ట్‌లీ కొడుకు. మార్టీ అంటే నోరు. నోరు ఖాళీగా ఉంటే ఎకసెక్కం, లేకపోతే గ్లాసు.

"చూసుకో కోల్మన్," అన్నాడు వస్తూనే. "ఇది రువాన్‌ల చోటేనా, లేక వీళ్లకూ మాక్‌నికలస్‌లతో చుట్టరికం కలుపుతావా?"

జెరీ నేల చూశాడు. తాత గొయ్యి హద్దుకు తీగ కట్టిన కొయ్యలు నేలలో దిగేసి, రెండో కొయ్య దిగాక తల ఎత్తాడు.

"మీ నాన్న విషయంలో నేను చేసింది తప్పు మార్టీ. వానలో మీ అమ్మను నిలబెట్టాను. ఈ మాట నీకు అప్పుడే చెప్పాల్సింది."

మార్టీ నోట్లో ఇంకో ఎకసెక్కం సిద్ధంగా ఉన్నట్టుంది. అది మింగేశాడు. పార తీసుకుని తాత చూపించిన గీత మీద గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు.

సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది. గడ్డి పెళ్లలు ఒక పక్క, నల్లమట్టి ఒక పక్క, దానికింద బంకమట్టి వేరే. తాత మూలలు గీసి, గోడలు నిలువుగా దించుతూ పోయాడు. నడుం లోతు దిగేసరికి డెల్యా బుట్టతో వచ్చింది. రొట్టె ముక్కలు, గుడ్లు, విస్కీ సీసా పక్క రాతి మీద పెట్టింది. వంగి గొయ్యి లోపలికి చూసింది.

"పొడిగానే ఉంది," అంది.

"ఎండాకాలం కదా. నీరు లేదు," అన్నాడు తాత లోపలి నుంచి.

"మంగళవారాలు పేకాటకు పోయేవాడు," అంది డెల్యా ఎవరితోనూ కాకుండా. "ఎప్పుడూ గెలవలేదు, ఎప్పుడూ ఓడలేదు. అలాంటి పేకాట నేనెక్కడా చూడలేదు." పొడవాటి ఉన్ని శాలువా సర్దుకుని వెళ్లిపోయింది.

మార్టీ సీసా మూత తిప్పాడు. "ఫెస్టీ," అని ఒక గుక్క వేశాడు. పెద్ద గుక్కే. చేత్తో మూతి తుడుచుకుని సీసా కిందికి అందించాడు.

తాత గొయ్యిలో నిలబడి దాన్ని అందుకున్నాడు. వాసన ముందు వచ్చింది. ఏడాదిగా నాలుక మరిచిపోయిందనుకున్నది ఏదీ అది మరిచిపోలేదు. పెదవికి తాకించి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఒక్క గుక్క తాగితే మర్యాద నిలబడుతుంది. తాగకపోతే, ఏడాది పైగా ఎదురుచూసిన ఈ పిలుపు ఇదే ఆఖరు కావచ్చు. ఫెస్టీ గొయ్యిలో నిలబడి ఫెస్టీని వద్దన్నాడని అంటారు. గోడలకేసి చూశాడు. నాలుగూ నిటారుగా ఉన్నాయి. ఒక్కటీ కూలలేదు.

"ఫెస్టీ," అన్నాడు. సీసా నోటిదాకా తీసుకెళ్లకుండా పైన ఉన్న జెరీకి అందించాడు. "నేను తాగను. మానేశాను."

మార్టీ మట్టి కుప్ప మీద నుంచి ముందుకు వంగాడు. "ఎప్పట్నుంచి?"

"పొట్టేలును చూడటానికని ఇంట్లో చెప్పి పోతున్నప్పటి నుంచి."

జెరీ సీసా పట్టుకుని కాసేపు దాని మూతినే చూశాడు. ఇన్నాళ్లూ ప్రతి గొయ్యి దగ్గరా అతను పెదవి తడిపి ఇచ్చేసేవాడు. "ఫెస్టీ," అన్నాడు మెల్లగా. "నాకూ వద్దు."

"నువ్వూనా?" అన్నాడు మార్టీ. "ఇద్దరూ చూస్తున్నది ఒకటే పొట్టేలా?"

"మంద ఉంది," అన్నాడు జెరీ.

మార్టీ కళ్లు చిన్నవి చేసి గొయ్యిలోకి చూశాడు. "మరి ఫెస్టీ పేకాట?"

తాత పార మళ్లీ మట్టిలో దించాడు. "ఫెస్టీ పేకాట ఫెస్టీది. నాకు వాడితో మాటల్లేవు, ఊరందరికీ తెలుసు."

సీసా మార్టీ దగ్గరికే తిరిగి వచ్చింది. ఇద్దరి గుక్కలు కూడా తనే తాగుతాడని జెరీ అనుకున్నాడు. మార్టీ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి మూత బిగించి బుట్టలో పడుకోబెట్టి, పార తీసుకుని గొయ్యిలోకి దిగాడు. "జరుగు ముసలోడా, మొత్తం నువ్వే తవ్వేస్తే పేరంతా నీకే పోద్ది," అన్నాడు.

పని అయ్యాక జెరీ ఉత్తరాలు పంచాలని వెళ్లిపోయాడు. తాత కొయ్యలు పీకి తీగ చుడుతున్నాడు. మార్టీ పారలకు అంటిన మట్టిని గడ్డితో తుడుస్తున్నాడు, తుడిచిన పారనే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఆ పొట్టేలు," అన్నాడు తల ఎత్తకుండా. "మంగళవారమేనా?"

"మంగళవారమే."

"దూరమా?"

"కొండ దాటాలి."

"నా కారు అందరూ గుర్తుపడతారు."

"నా కారును మాత్రం గుర్తుపట్టరా? అడవి మలుపు దగ్గర నిలబడు. చెట్ల చాటున. ఫెస్టీ అక్కడే..." తాత దగ్గాడు. "అక్కడ గాలి తక్కువ."

మర్నాడు ఫెస్టీని దించేటప్పుడు పేటిక ఏ గోడకూ తగల్లేదు. ఊరంతా చూసింది, ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం వేరుగా ఉంది. ముసలి బార్ట్‌లీ భార్య తిరిగి వెళ్తూ తాత పక్కన ఒక్క క్షణం ఆగి, "మూలలు బాగా తీశావు," అని, చేతికర్ర టకటకలాడించుకుంటూ పోయింది.

మంగళవారం సాయంత్రం తాత టోపీ పెట్టుకుంటుంటే నానమ్మ సోడా రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. పెద్ద పొట్లమే.

"ఇదెందుకు?"

"పొట్టేలుకు," అంది నానమ్మ. "వెన్న కూడా రాశాను. ఇద్దరికి సరిపోతుంది."

తాత ఆమె ముఖంలోకి చూశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే చూసేవాళ్లు ఎలా నవ్వుకుంటారో ఆ నవ్వు ఉంది అక్కడ.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు చెమటతో వచ్చావు చూడు, అప్పుడు తెలియలేదు. ఆడదేమో అనుకున్నా. రెండో వారం టీ వాసనేసింది. పో, ఆలస్యమవుతుంది."

మేలో ఆ వేళకు ఎండ ఇంకా ఉంటుంది. అడవి మలుపు దగ్గర మార్టీ హెషన్, టోపీ కళ్ల మీదికి లాక్కుని, సరిగ్గా ఫెస్టీ నిలబడే చోట, చెట్టు మొదలుకు భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. ఎర్ర తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

"అక్కడ నేనేం చెప్పాలి?" అన్నాడు కొండ ఎక్కుతుంటే.

"నీకు గొర్రెలున్నాయిగా. వాటి సంగతి చెప్పు."

కొండ మీద ఎదురుగా ఒక కారు వచ్చింది, దాని వెనకే ఇంకొకటి, బాలినార నుంచి కిల్‌కారా వైపు. తాత స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపాడు. మార్టీ తన చేతిని కాసేపు చూసుకుని, రెండో కారుకు తనూ ఒక వేలు లేపాడు.